రెండు లక్షలిచ్చి సంతకం పెట్టమంటున్నారు

విజయవాడ విద్యాధరపురం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు ముప్పై ఎనిమిది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఉత్తరాన్ని ఆమె మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"మా నాన్న 1987 నుంచి 2009 దాకా సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పనిచేశారు. మొదటి పదేళ్లూ బస్తాలు కోసే దగ్గరే. బస్తాను కత్తితో కోసి లోపలి ఆస్బెస్టాస్ పీచును మిషన్లోకి గుమ్మరించాలి. ముక్కుకు తువ్వాలు కట్టుకునేవారు, అంతే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఖాకీ చొక్కా, కనుబొమలు, చెవుల దగ్గరి వెంట్రుకలు తెల్లగా ఉండేవి. 'మీ నాన్న పిండిమర నుంచి వచ్చాడర్రా' అని అమ్మ నవ్వేది. చొక్కాను పెరట్లో నాలుగుసార్లు దులిపి, తర్వాత బండ మీద ఉతికేది. ఎండలో ఆ దుమ్ము మెరుస్తుంటే పట్టుకోవాలని నేనూ తమ్ముడూ ఎగిరేవాళ్లం. రిటైరయ్యేనాటికి జీతం 9,400.

2024 వేసవిలో ఆయాసం మొదలైంది. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. టీబీ అని ఆరు నెలలు మందులు వాడించారు. నీరు తీసిన కొద్దీ మళ్లీ చేరేది. చివరికి గుంటూరులో ఒక డాక్టరుగారు ముక్క తీసి పరీక్షకు పంపితే మెసోథెలియోమా, అంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్ అని తేలింది. నాలుగు నెలల క్రితం నాన్న పోయారు. డెబ్భై నాలుగేళ్లు. ఆస్పత్రుల అప్పు ఐదు లక్షలుంది.

పెద్దకర్మ అయిన వారానికి ఫ్యాక్టరీ నుంచి ఒకాయన వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. సానుభూతిగా రెండు లక్షలు ఇస్తామని, ఇక ఎలాంటి క్లెయిమూ లేదని స్టాంపు పేపరు మీద అమ్మ, నేను, తమ్ముడు సంతకాలు పెట్టాలని అన్నారు. తమ్ముడు అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద చేస్తున్నాడు. 'అన్నం పెట్టిన చోటు మీద కేసేంటక్కా, నా పని పోతుంది' అంటాడు. మా ఆయనేమో కేసు వేయాల్సిందే అంటారు. అమ్మ ఎవరేం చెప్పినా తలూపుతుంది. ఇది చాలదన్నట్టు, నెట్‌లో జబ్బు పేరు వెతికినప్పటి నుంచి వాట్సాప్‌లో ఒకతను అమెరికా ఫండ్ నుంచి కోటిన్నర ఇప్పిస్తాను, ముందు పాతిక వేలు పంపండి అని వెంటపడుతున్నాడు. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఇంకో మాట. అప్పట్లో నాన్న తెచ్చిన ఖాళీ గోతాం ఒకటి అటక మీద ఇత్తడి సామాను కింద పరిచి ఉంది. చూస్తేనే భయమేస్తోంది. పారేయమంటారా?"

అమ్మా, గోతాం జోలికి ఈ జవాబు చివరిదాకా చదివే వరకు వెళ్లకండి. ముందు స్టాంపు పేపరు సంగతి చూద్దాం. ఆ పెద్దమనిషి మళ్లీ వస్తాడు కాబట్టి అదే తొందర.

ఉద్యోగుల నష్టపరిహార చట్టం అని 1923 నాటిది ఒకటుంది. పనివల్ల వచ్చిన జబ్బుతో కార్మికుడు చనిపోతే యజమాని పరిహారాన్ని కమిషనర్ దగ్గర, అంటే కార్మిక శాఖలో ఆ అధికారం ఉన్న అధికారి దగ్గర డిపాజిట్ చేయాలని అందులో ఎనిమిదో సెక్షన్ చెబుతుంది. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు ఇవ్వవచ్చు, అంతే. హక్కు వదులుకుంటున్నామని రాసిచ్చే ఒప్పందం చెల్లదని పదిహేడో సెక్షన్ అంటుంది. అంటే మీరు సంతకం పెట్టినా ఆ కాగితం మీ దారిని పూర్తిగా మూసేయలేదు. అలాగని పెట్టమనడం లేదు. చెల్లని కాగితాన్ని చెల్లదని తేల్చుకోవడానికే మీకు ఏడాది పట్టవచ్చు. ఆయన వస్తే కాఫీ ఇచ్చి, కాగితం జిరాక్స్ ఒకటి అడిగి తీసుకోండి. "వకీలుకు చూపించి చెబుతాం" అనండి. ఆ జిరాక్స్ మీకు పనికొస్తుంది. జబ్బుతో తమకు సంబంధం లేదనుకునేవాళ్లు స్టాంపు పేపరు పట్టుకుని ఇంటిదాకా ఎందుకు వస్తారు?

ఇక కేసు ఎవరిది? మీ ఇంట్లో ముగ్గురు ముగ్గురితో వాదించుకుంటున్నారు గానీ, చట్టం దృష్టిలో ఈ హక్కు మీది కాదు, మీ తమ్ముడిదీ కాదు, మీ ఆయనది అసలే కాదు. ఆధారపడినవారి జాబితాలో భార్య, మైనరు కొడుకు, పెళ్లికాని కూతురు లాంటివారు ఉంటారు. పెళ్లయిన మీరూ, పెద్దవాడైన తమ్ముడూ అందులోకి రారు. దరఖాస్తు అమ్మగారి పేరు మీదే వెళ్లాలి. వస్తే డబ్బు ఆమెదే. తలూపే మనిషి అన్నారు. మగవాళ్లు లేని పూట వంటింట్లో పక్కన కూర్చుని ఈ సంగతి చెప్పి, నీకేమనిపిస్తోందమ్మా అని అడిగారా ఎప్పుడైనా? ఉత్తరం ఆరు పేజీల్లో ఆమె మాటగా ఉన్నది ఒక్కటే, ఆ పిండిమర మాట.

ఎంత వస్తుందన్నది రెండు దారుల్లో ఏది మీదన్న దాని మీద ఆధారపడుతుంది. మీరు రాయని ముఖ్యమైన విషయం ఒకటుంది. నాన్నగారికి ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా ఉండేదా? 2009లో ఈఎస్‌ఐ జీతం పరిమితి పది వేలు. ఆయనది 9,400. ఉండే అవకాశమే ఎక్కువ. పాత పెట్టెలో ఈఎస్‌ఐ కార్డు గానీ, జీతం చీటీలో కోత గానీ కనబడుతుందేమో వెతకండి.

ఈఎస్‌ఐ లేకపోతే నష్టపరిహార చట్టం వర్తిస్తుంది. లెక్క తేలికే. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చవేస్తారు. అరవై ఐదూ ఆ పైబడిన వారికి గుణకం 99.37. సగం జీతం 4,700. హెచ్చవేస్తే 4,67,039 రూపాయలు. సకాలంలో కట్టకపోతే ఏటా 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే యాభై శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు. అంత్యక్రియల ఖర్చు, వైద్యం బిల్లులు వేరుగా అడగండి. నిజం చెప్పాలంటే ఒక మనిషి ఊపిరికి ఇది పెద్ద మొత్తమేమీ కాదు. రిటైరైననాటి జీతాన్ని పట్టుకుని లెక్కకడితే ఎవరికైనా ఇంతే. కానీ ఆ రెండు లక్షల పక్కన పెట్టి చూసుకోండి.

ఈఎస్‌ఐ ఉంటే ఈ చట్టం కింద అడగడానికి లేదు. అక్కడ ఒక్కసారిగా ఇచ్చే మొత్తం ఉండదు, ఆధారపడినవారికి నెలనెలా వస్తుంది. సగటు జీతంలో తొంభై శాతాన్ని పూర్తి రేటు అంటారు. భార్యకు అందులో అయిదింట మూడు వంతులు, మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు. నాన్నగారి జీతానికి నెలకు సుమారు ఐదు వేలు. అమ్మగారికి పదేళ్లు అందితే ఆరు లక్షలవుతుంది. చిక్కల్లా ఒకటే. ఉద్యోగం మానేసిన ఇన్నేళ్లకు బయటపడ్డ జబ్బు కాబట్టి ఈఎస్‌ఐ వాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు. చెబితే ఈఎస్‌ఐ కోర్టుకు వెళ్లాలి. ఆస్బెస్టాస్ కార్మికుల విషయంలో 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడే కాదు, రిటైరయ్యాక కూడా ఆరోగ్య రక్షణ కార్మికుడి ప్రాథమిక హక్కేనని అందులో చెప్పారు. మీ వకీలు మొదట తెరవాల్సింది ఆ తీర్పే.

ఈఎస్‌ఐ లేకపోతేనే ఉండే మూడో దారి సివిల్ దావా. రక్షణ పరికరాలు ఇవ్వకుండా పని చేయించారని నష్టపరిహారం కోరడం. అక్కడ ఈ గుణకాల పట్టిక ఉండదు, పెద్ద మొత్తం అడగవచ్చు. కానీ కోర్టు ఫీజు కట్టాలి, వాళ్ల నిర్లక్ష్యాన్ని మీరే నిరూపించాలి, అది ఎన్నేళ్లు నడుస్తుందో బెజవాడ కోర్టు చుట్టూ తిరిగిన ఎవరినడిగినా చెబుతారు. పైగా కమిషనర్ దగ్గర దరఖాస్తు వేశాక అదే యజమాని మీద సివిల్ దావా కుదరదు, దావా వేస్తే ఇదీ కుదరదు. మీ ఆయన పట్టుదల దీని మీదైతే, అమ్మగారి వయసు కూడా లెక్కలోకి తీసుకోమనండి.

చట్టం పేరు మారిందని ఎవరైనా కంగారు పెడితే పెద్దగా పట్టించుకోకండి. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. పాత నష్టపరిహార చట్టం, ఈఎస్‌ఐ చట్టం అందులో కలిశాయి. జబ్బు మొదలైన తేదీ, మరణం తేదీ చూసి ఏ పేరుతో దరఖాస్తు వేయాలో వకీలు చెబుతారు. పనివల్ల వచ్చే జబ్బులకు చట్టంలో ఒక జాబితా ఉంటుంది. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథెలియోమా పాత జాబితాలోనూ ఉంది, కొత్త జాబితాలోనూ ఉంది. గడువు మరణించిన రోజు నుంచి రెండేళ్లు. నాలుగు నెలలు అయిపోయాయి.

గడువుంది కదా అని కాగితాల సంగతి వాయిదా వేయకండి. నాకు భయం అక్కడే. కొలువులో ఉండగా జబ్బు వస్తే పనివల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది, కాదని యజమాని నిరూపించుకోవాలి. రిటైరయ్యాక వస్తే ఆ బరువు మీ మీద పడుతుంది. మెసోథెలియోమా ఇందులో కొంత మేలు. పీచు లోపలికి వెళ్లిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు బయటపడే జబ్బు ఇది, ఆస్బెస్టాస్ తప్ప దీనికి మరో ప్రధాన కారణం లేదు. సిగరెట్ వల్ల వచ్చిందని తోసేయడానికి వీలుండదు. అయినా నిరూపణకు కాగితం కావాలి.

ముక్క పరీక్ష చేసిన ల్యాబులో ఆ ముక్కను మైనంలో పొదిగి పారాఫిన్ బ్లాక్ అని దాచి ఉంచుతారు. మీరు అడగకపోతే కొన్నాళ్లకు అది చెత్తబుట్టలోకి పోతుంది. ఈ వారమే గుంటూరు వెళ్లి రాతపూర్వకంగా అడిగి బ్లాకు, స్లైడ్లు, రిపోర్టు తెచ్చుకోండి. సీటీ స్కాన్ సీడీ కూడా. ఊపిరితిత్తుల పొర మీద గట్టిపడిన మచ్చలున్నాయని రిపోర్టులో రాసి ఉంటే అది పీచు పీల్చారనడానికి ఆనవాలు. మరణ కారణం ధ్రువీకరించే ఫారంలో డాక్టరు ఏం రాశారో చూడండి. గుండె ఆగిపోయింది అని మాత్రమే ఉంటే, అసలు జబ్బు పేరు చేర్చమని అడగండి.

ఉద్యోగం చేశారనడానికి పీఎఫ్ స్లిప్పులు, పాత ఐడీ కార్డు, గ్రాట్యుటీ కాగితం. బస్తాలు కోసే దగ్గర చేశారనడానికి ఆయనతో పనిచేసిన ఇద్దరి మాట. వాళ్లకూ డెబ్భై దాటి ఉంటాయి, ఆలస్యం చేయకండి. పీఎఫ్ పెన్షన్ వస్తుండేదా? వస్తుంటే భార్యకు వితంతు పెన్షన్ ఉంటుంది. అది ఈ గొడవలతో సంబంధం లేనిది, అడిగారో లేదో చూసుకోండి.

ఆ 1995 తీర్పులోనే ఇంకో ఆదేశం ఉంది. ప్రతి ఆస్బెస్టాస్ కార్మికుడి ఆరోగ్య రికార్డును కొలువులో చేరినప్పటి నుంచి నలభై ఏళ్లు, లేదా మానేసిన తర్వాత పదిహేనేళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఫ్యాక్టరీ భద్రపరచాలి. నాన్నగారు 1987లో చేరారు. అంటే 2027 దాకా ఆ ఫైలు వాళ్ల దగ్గర ఉండి తీరాలి. అమ్మగారి పేరుతో రిజిస్టర్డ్ పోస్టులో కాపీలు అడగండి. ఇవ్వకపోయినా, లేవన్నా, ఆ జవాబు కమిషనర్ ముందు మీకు అనుకూలమే. ఫ్యాక్టరీల శాఖకు ఆర్టీఐ పెట్టి ఆ ఏళ్ల తనిఖీ నివేదికలు కోరండి. పది రూపాయల పని.

వకీలు ఫీజు గురించి అప్పుల్లో ఉన్నవాళ్లు భయపడటం సహజం. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతుంది. 15100కి ఫోన్ చేసినా, కోర్టు ఆవరణలో న్యాయసేవా సంస్థ ఆఫీసు ఎక్కడో అడిగి వెళ్లినా సరిపోతుంది. దరఖాస్తు అమ్మగారు ఉండే ఊళ్లోనే వేయవచ్చు.

ఇప్పుడు మీ తమ్ముడు. అతని మాటను పిరికితనం అని కొట్టేయకండి. కాంట్రాక్టు మనిషిని తీసేయడానికి నోటీసు కూడా అక్కర్లేదని అతనికి తెలుసు, రేపటి నుంచి రావద్దంటే సరి. చట్టం అతన్ని కాపాడుతుందని నేను భరోసా ఇవ్వలేను. కానీ ఇక్కడ రెండు పనులున్నాయి. కాగితాలు పోగేయడం ఒకటి, దరఖాస్తు వేయడం ఇంకొకటి. బ్లాకు తెచ్చుకోవడానికీ, పీఎఫ్ ఆఫీసుకు వెళ్లడానికీ, సాక్షుల మాట రాయించుకోవడానికీ ఎవరి ఉద్యోగమూ పోదు. ఫ్యాక్టరీకి రాసే ఉత్తరం మాత్రం ఆఖరున పంపండి. ఆ లోపు అతను వేరే పని చూసుకుంటాడో, అక్కడే ఉంటాడో తేల్చుకోనివ్వండి. ఇంకో సంగతి కూడా అడగండి. నువ్వు ఏ సెక్షన్‌లో ఉన్నావు, మాస్కు ఏది ఇస్తున్నారు, సిగరెట్ తాగుతావా? ఆస్బెస్టాస్ దుమ్ము, సిగరెట్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అన్నం పెట్టిన చోటు అంటున్నాడు కదా, నిజమే. నాన్నగారికీ అదే పెట్టింది.

దరఖాస్తు అసలు వేయకూడదని అమ్మగారు అనుకుంటే అదీ ఒక నిర్ణయమే. అప్పుడు అప్పు మీరిద్దరూ పంచుకోవాలి, రెండేళ్లు దాటాక మనసు మారితే ఆలస్యానికి కారణం చూపించి కమిషనర్‌ను ఒప్పించాలి. అది తెలిసి వదులుకుంటే మీ ఆయన కూడా ఆమెను వదిలేయాలి.

వాట్సాప్ మనిషికి పాతిక వేలు కాదు, పాతిక రూపాయలు కూడా పంపకండి. అమెరికాలో ఆ నిధులున్న మాట నిజమే. జాన్స్ మాన్విల్ అనే పెద్ద ఆస్బెస్టాస్ కంపెనీ 1982లో దివాలా పిటిషన్ వేసింది, దాని బాధితుల కోసం 1988లో ట్రస్టు పెట్టారు. తర్వాత ఇంకా చాలా వచ్చాయి. కానీ ఫలానా కంపెనీ సరుకు దుమ్మే పీల్చానని అక్కడ రుజువు చూపించాలి. ఇక్కడి ఫ్యాక్టరీలో ఇక్కడి యజమాని కింద చేసిన మనిషికి ఆ కథతో సంబంధం లేదు. పైగా ఈ కేసులు చేసే అక్కడి లాయర్లు గెలిస్తే వాటా తీసుకుంటారు, ముందుగా ఫీజు అడగరు. మెసోథెలియోమా అని వెతికితే వాళ్ల ప్రకటనలే ముందు వస్తాయి, వాటి నీడలో ఇలాంటివాళ్లు తిరుగుతుంటారు. నంబరు బ్లాక్ చేయండి.

మీరు అడగలేదు గానీ మీ భయం వెనుక ఉన్నది నాకు కనబడుతోంది. అమ్మ ఆ చొక్కాలు దులిపింది, మీరు ఆ దుమ్ములో ఎగిరారు. ఇంటికొచ్చిన దుమ్ముతో కూడా ఈ జబ్బు వచ్చిన భార్యలు, పిల్లలు ప్రపంచమంతా ఉన్నారు. అందరికీ రాదు, చాలామందికి రాదు. అమ్మగారిని ఒకసారి ఛాతీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి ఈ చరిత్ర చెప్పి ఎక్స్‌రే తీయించండి. ఎప్పుడైనా ఆయాసమో, ఊపిరితిత్తి చుట్టూ నీరో అంటే టీబీ అనే ముందే ఆస్బెస్టాస్ సంగతి డాక్టరుకు చెప్పండి. ఉద్యోగి కాదు కాబట్టి ఆమెకు నష్టపరిహార చట్టం వర్తించదు. చట్టంలో పెద్ద లోటు అది, దాన్ని ఈ జవాబులో నేను పూడ్చలేను.

ఇక గోతాం. పారేయకండి, దులపకండి, చీపురు తగలనివ్వకండి. ఫ్యాను ఆపి, పిల్లల్ని బయటికి పంపండి. మామూలు ఎన్95 మాస్కు ఈ దుమ్ముకు చాలదు, పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు తెప్పించి పెట్టుకోండి. స్ప్రే సీసాతో నీళ్లు చల్లి గోతాన్ని బాగా తడపండి. ఇత్తడి సామాను ఒక్కొక్కటిగా తడిగుడ్డతో తుడిచి కిందికి దించండి. గోతాం మీద ఏ అక్షరాలు కనబడినా, కంపెనీ గుర్తు గానీ, పీచు వచ్చిన దేశం గానీ, ముందు ఫోటో తీయండి. తడిగా ఉండగానే మందపాటి పాలిథిన్ కవరులో పెట్టి టేపు వేసి, దాన్ని ఇంకో కవరులో పెట్టి మళ్లీ టేపు వేయండి. తుడిచిన గుడ్డ కూడా అలాగే కట్టి పెట్టండి, ఉతకవద్దు. పైన తేదీ రాసి, వకీలు చూసేదాకా అటక మీదే ఓ మూలన ఉంచండి. బస్తాలు కోసే దగ్గర నాన్నగారు పనిచేశారని చెప్పడానికి మీ ఇంట్లో ఉన్న సాక్ష్యం అదొక్కటే కావచ్చు.